బ్యాటరీ దీపం వెలిగింది, ప్రోగ్రాము నకలు లేదు: ఉప్పుడు మిల్లులోని పాత పీఎల్‌సీకి బ్యాటరీ మార్చేదెలా?

ప్రశ్న: మిల్లు ఎలక్ట్రీషియన్, ఉండి దగ్గర

అందరికీ నమస్కారం. నేను ఉండి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో పదకొండేళ్లుగా ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ వైరింగు వరకు నాకు భయం లేదు కాని, పీఎల్‌సీ (లోపలి ప్రోగ్రాము ప్రకారం యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) మూత తీసి లోపల చేయి పెట్టిన అనుభవం లేదు. అందువల్ల విషయాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మా మిల్లులో నానబెట్టే ట్యాంకులకు నీళ్లు వదలడం, ఆవిరి వాల్వులు తెరిచి మూయడం, డ్రయర్ ఎలివేటర్లు ఒకదాని తరువాత ఒకటి మొదలవడం, ఇవన్నీ మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్‌2ఎన్ రకం పీఎల్‌సీ మీద నడుస్తాయి. దాళ్వా ధాన్యం ఆడటం పూర్తయ్యాక మిల్లు రెండు నెలలకు పైగా నిలిచిపోయింది. ఖాళీగా ఉన్న మిల్లుకు కరెంటు ఎందుకని యజమాని గారు ఆ రోజులన్నీ ప్యానెల్ మెయిన్ ఆపించి ఉంచారు. అట్లతద్ది మర్నాడు మెయిన్ వేసి చూడగా పీఎల్‌సీ మామూలుగానే రన్‌లోకి వచ్చింది కాని, బ్యాటరీ గుర్తుగా ఉండే ఎర్ర దీపం వెలిగి మళ్లీ ఆరలేదు. మూత సందులోంచి చూస్తే బ్యాటరీ మీద ఎవరో స్కెచ్ పెన్నుతో 2018 అని రాసి ఉంది. నాగులచవితి నాటికి సార్వా ధాన్యం దిగడం మొదలవుతుంది కనుక నా చేతిలో పదిహేను రోజులకు మించి లేవు.

అసలు చిక్కు ఏమిటంటే ఈ ప్రోగ్రాము నకలు మా దగ్గర ఎక్కడా లేదు. ప్యానెల్ కట్టి ఇచ్చినవారు పొరుగు రాష్ట్రం వారు, ఇప్పుడు ఆ వ్యాపారమే మానేశారట. 'గోడ గడియారానికి బ్యాటరీ మార్చినట్టు మార్చేయరాదా, ఇంత చిన్నదానికి ఇంత భయమా' అని యజమాని గారు అడుగుతున్నారు. ఆయన మాట నిజమే కావచ్చు, కాని తీసిన క్షణంలో ప్రోగ్రాము పోతే ఆయనకు సమాధానం చెప్పవలసింది నేను.

కరెంటు ఉండగా మార్చాలా, ఆపి మార్చాలా? పాత బ్యాటరీ తీశాక ఎంతసేపు జ్ఞాపకం నిలుస్తుంది? ముందుగా నకలు తీసుకోవడానికి నాకు ఏమేమి కావాలి? దీపం చూసిన దగ్గర నుంచి నేను మెయిన్ ఆపలేదు. అది సరైన పనేనా అన్నది కూడా చెప్పగలరు.

సమాధానం: ప్యానెల్ పనులు చేసేవారు, రాజమహేంద్రవరం

మెయిన్ ఆపకుండా ఉంచడం మీరు చేసిన మొదటి మంచి పని, ఆ మాట ముందుగా చెప్పాలి. ఎఫ్‌ఎక్స్‌2ఎన్‌లో వేరే మెమరీ క్యాసెట్ పెట్టకపోతే ప్రోగ్రాము లోపలి ర్యామ్‌లోనే, అంటే కరెంటు అందకపోతే చెరిగిపోయే జ్ఞాపకంలోనే, ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు ఆ ర్యామ్ కరెంటు మీదే బతుకుతుంది, బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది. కరెంటు పోయిన క్షణం నుంచి భారమంతా బ్యాటరీదే. అంటే మిల్లుకు సెలవు వచ్చినప్పుడల్లా బ్యాటరీకి పని పడుతుంది. మన డెల్టాలో మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, బెల్లం, చక్కెర యూనిట్లు ఏడాదిలో కొన్ని నెలలు ఆగి ఉండేవే కనుక, రోజూ నడిచే ఫ్యాక్టరీని దృష్టిలో పెట్టుకుని చెప్పిన బ్యాటరీ ఆయుష్షును మనం నమ్ముకోకూడదు.

బ్యాటరీ సంగతి ఇవాళ మరిచిపోయి, ముందు నకలు సంగతి చూడండి. దీనికి పీఎల్‌సీని కంప్యూటరుకు కలిపే ఎస్‌సీ-09 కేబులు మీకు కావాలి, లేదా యూఎస్‌బీకి తగిలించే అదే రకం కేబులు. పీఎల్‌సీ వైపు గుండ్రటి ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటుంది. కంప్యూటరులో జీఎక్స్ డెవలపర్ గాని, జీఎక్స్ వర్క్స్2 గాని, ఈ రెండింటిలో ఒక సాఫ్ట్‌వేరు ఉండాలి. వర్క్స్3తో ఈ పాత రకం చదవడం కుదరదు, ఆ పొరపాటుతో ఒక పూట పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. పీఎల్‌సీ రన్‌లో ఉండగానే చదవవచ్చు, మిల్లు ఆపనవసరం లేదు.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది అందరూ చెప్పేదే. పీఎల్‌సీ నుంచి చదవడం, పీఎల్‌సీకి రాయడం అనే రెండు ఆజ్ఞలూ మెనూలో పక్కపక్కనే ఉంటాయి. ఖాళీ ప్రాజెక్టు తెరిచిపెట్టుకుని పొరపాటున రెండవది నొక్కితే, బ్యాటరీ చెయ్యని నష్టం మీ వేలే చేస్తుంది. నొక్కే ముందు పక్కన ఇంకొకరిని నిలబెట్టుకుని పైకి చదివించుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

రెండవది ఎక్కువమందికి తట్టదు, నాకూ దెబ్బ తగిలాకే తట్టింది. కోనసీమలో ఒక కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో ఇదే పని చేశాను. ప్రోగ్రాము చదివి భద్రపరిచాను, బ్యాటరీ మార్చడంలో ఆలస్యమై ర్యామ్ చెరిగిపోయింది, నా దగ్గర నకలు ఉంది కదా అని ధైర్యంగా తిరిగి ఎక్కించాను. ప్రెస్ మొదలైంది కాని పీచును ఒత్తకుండానే వెనక్కు వచ్చేస్తోంది. ఎందుకంటే ఒత్తే సమయం ప్రోగ్రాములో లేదు, డి రిజిస్టరులో, అంటే పీఎల్‌సీ అంకెలను దాచుకునే గడిలో, ఉంది. ప్రోగ్రాము చదివేటప్పుడు డివైస్ మెమరీ అన్న గడిలో విడిగా టిక్కు పెట్టకపోతే ఆ రిజిస్టర్ల విలువలు నకలులోకి రావు. ఏళ్ల తరబడి ఆపరేటర్లు తేమను చూసి, పీచును చూసి సర్దుకుంటూ వచ్చిన ఆ అంకెలు ఏ కాగితం మీదా లేవు. చివరికి పని మానేసి ఇంట్లో ఉన్న పాత మేస్త్రి గారిని బండి మీద తీసుకొచ్చి, ఆయన చెయ్యి చూపినట్టల్లా అంకెలు మార్చుకుంటూ రెండు రోజులు కూర్చున్నాము. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

కనుక ఎఫ్‌ఎక్స్‌2ఎన్‌లో డి200 నుంచి పైన ఉన్నవి కరెంటు పోయినా నిలిచే రిజిస్టర్లని గుర్తుపెట్టుకుని, ప్రోగ్రాముతో పాటు వాటి విలువలనూ చదవండి. మీ ట్యాంకుల నానే సమయాలు, ఆవిరి సమయాలు అక్కడే ఉండి ఉంటాయి. చదవబోతే కీవర్డ్ అడిగితే మాత్రం ఆగిపోయి ఇక్కడ రాయండి. అది ఎనిమిది అక్షరాల తాళం, ఊహించి నొక్కేది కాదు.

సమాధానం: మెయింటెనెన్స్ విభాగం, రొయ్యల ప్లాంటు, భీమవరం వైపు

నకలు గురించి రాజమహేంద్రవరం గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు సరైనది. బ్యాటరీ మార్చడం గురించి నేను ఒకే మాట చెబుతాను. ఏ బ్యాటరీ అయినా కరెంటు ఉండగానే మార్చండి. మా ప్యాకింగ్ యంత్రాలలో మేము ఎప్పుడూ అలాగే మారుస్తాము, ఇంతవరకు ఒక్కసారి కూడా జ్ఞాపకం పోలేదు. ఆపి మార్చడమంటే కావాలని గండం తెచ్చుకోవడమే.

ఇంకొకటి, మూత తీసినప్పుడు టెర్మినళ్ల రంగు చూడండి. మా దగ్గర అమ్మోనియా వల్ల రాగి, ఇత్తడి భాగాలు ఆకుపచ్చగా మారి స్క్రూలు వదులవుతాయి. మీకు అమ్మోనియా లేదు కాని బాయిలర్ ఆవిరీ ఉప్పుగాలీ ఉన్నాయి.

సమాధానం: విశ్రాంత ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు, తణుకు

భీమవరం మిత్రుని మాటతో సగమే ఏకీభవిస్తాను. ఆయన అనుభవం అబద్ధం కాదు, కాని అది వేరే యంత్రం అనుభవం. ప్యాకింగ్ యంత్రాలలో ఉండే మిత్సుబిషి సర్వో డ్రైవులలో (మోటారును కావలసిన స్థానంలో కచ్చితంగా నిలిపేవి), ఎంఆర్-జే2ఎస్, జే3 వంటి వాటిలో, బ్యాటరీ కాపాడేది ప్రోగ్రామును కాదు, మోటారు షాఫ్టు ఎక్కడ ఉందన్న లెక్కను. అక్కడ కంట్రోల్ సప్లై ఆపి బ్యాటరీ తీస్తే ఆ లెక్క చెరిగి 25వ అలారం వస్తుంది, మళ్లీ హోమ్ స్థానం, అంటే లెక్క మొదలయ్యే చోటు, పెట్టుకోవాలి. కనుక అక్కడ కరెంటు ఉండగానే మార్చాలన్నది అక్షరాలా నిజం. ఆ అలవాటునే పీఎల్‌సీలన్నింటికీ పట్టుకెళ్లడం దగ్గరే నా అభ్యంతరం.

నేను చక్కెర ఫ్యాక్టరీలో పని చేసిన రోజులలో సీమెన్స్ ఎస్5-115యూ ఉండేది. దాని బ్యాటరీ పవర్ సప్లై మాడ్యూలులో ఉంటుంది, అది కరెంటు ఉండగానే మార్చవలసినది. ఆపి మారిస్తే క్రషింగ్ మధ్యలో ఫ్యాక్టరీ అంతా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. మిత్సుబిషిలోనే క్యూ రకం తీసుకుంటే ముందు పది నిమిషాలు కరెంటు ఇచ్చి, ఆపి, మూడు నిమిషాలలోపు కొత్తది పెట్టాలి. ఒమ్రాన్ సీ200హెచ్‌కు అయిదు నిమిషాల గడువు ఉంది. మీ ఎఫ్‌ఎక్స్‌2ఎన్‌కు ఉన్న గడువు ఇరవై సెకండ్లు మాత్రమే. లోపల ఉన్న చిన్న కెపాసిటరు ఆ ఇరవై సెకండ్లు ర్యామ్‌ను మోస్తుంది, అంతకు మించి మోయలేదు. తయారీదారు చెప్పిన పద్ధతి కూడా పీఎల్‌సీకి కరెంటు ఆపి, పై మూత తీసి, పాతది లాగి, ఇరవై సెకండ్లలోపు కొత్త దాని కనెక్టరు గుచ్చమనే. కరెంటు ఉండగా ఆ మూత తీస్తే రెండు వైపులా 230 వోల్టుల టెర్మినళ్లు మీ వేళ్ల పక్కనే ఉంటాయి. స్క్రూడ్రైవరు జారితే పోయేది ప్రోగ్రాము ఒక్కటే కాదు.

ఆ కెపాసిటరు నిండి ఉండాలంటే ముందు చాలాసేపు కరెంటు ఉండాలి. మీరు రోజుల తరబడి మెయిన్ ఆపలేదు కనుక ఆ చింత లేదు. ఇరవై సెకండ్లు అంటే భయపడనవసరం లేదు కాని, మూత స్క్రూలు విప్పడం, కొత్త బ్యాటరీ కవరు చించడం ఆ ఇరవై సెకండ్లలో చేసే పనులు కావు. కొత్తది విప్పి, కనెక్టరు దిశ చూసి, ఎడమ చేతిలో పట్టుకున్నాకే పాతది లాగండి. మా రోజులలో కుర్రవాళ్ల చేత ముందు ఉత్తుత్తిగా నాలుగుసార్లు చేయించేవాడిని. వాళ్లు నవ్వుకునేవారు, నేను చేయించేవాడిని.

బ్యాటరీ కొనడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది ఎక్కువగా అక్కడే. మీకు కావలసినది ఎఫ్2-40బీఎల్, అది 3.6 వోల్టుల లిథియం సెల్లు. ఈ 3.6 వోల్టుల సెల్లులోని రసాయనం లిథియం థయోనిల్ క్లోరైడ్. కెమెరాలలోనూ గడియారాలలోనూ వేసే 3 వోల్టుల లిథియం సెల్లు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. చార్జి అయ్యే సెల్లు అసలే పెట్టకూడదు. దీనిలో ఒక మాయ ఉంది. సెల్లు అయిపోవచ్చే దాకా వోల్టేజి దాదాపు 3.6 దగ్గరే నిలబడి, చివరిలో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల మల్టీమీటరు పెట్టి 3.6 చూపిందని సంబరపడటం అర్థం లేని పని. వెయ్యి ఓముల రెసిస్టరు ఒకటి అడ్డంగా పట్టుకుని, వోల్టేజి ఎటు పోతుందో కొన్ని సెకండ్లు చూడండి. చాలాకాలం కొట్టులో కూర్చున్న మంచి సెల్లులో లిథియం మీద పలుచని పొర కడుతుంది కనుక మొదట కొంచెం పడి, తిరిగి లేస్తుంది. చచ్చిన సెల్లు లేవదు.

పాత సెల్లుకు వైర్లు కోసి కొత్త సెల్లుకు నేరుగా టంకం పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ఆ వేడికి సెల్లు పగలవచ్చు. ఇక వేడి. లిథియం సెల్లు మామూలు ఉష్ణోగ్రతలో ఏడాదికి తనలో తాను పోగొట్టుకునేది సుమారు ఒక శాతమే కాని, బాయిలర్ గోడకు ఆనించి కట్టిన ప్యానెలులో ఆ లెక్క నిలవదు. మీ ప్యానెల్ ఎక్కడ ఉందో మీరు రాయలేదు.

మరల ప్రశ్న అడిగినవారు, ఉండి దగ్గర

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. పని పూర్తి చేసి, రెండు రోజులు నడిపి చూశాకే రాయాలనుకున్నాను.

ప్యానెల్ బాయిలర్ గోడకు కాదు కాని డ్రయర్ గోడకు ఆనించి ఉంది, వేడి విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. కేబులు భీమవరంలో దొరికింది. ల్యాప్‌టాప్ మా మేనకోడలిది, పాలిటెక్నిక్‌లో చదువుతోంది, ఆ సాఫ్ట్‌వేరు కాలేజీ ల్యాబులో వాడినదే కనుక చదివే పని తనే చేసింది. 'మావయ్యా, ఇది చదవడమేనా, రాయడం కాదుగా' అని మూడుసార్లు అడిగించుకున్నాను. కీవర్డ్ అడగలేదు. ప్రోగ్రాము వచ్చింది, రిజిస్టర్ల విలువలు కూడా వచ్చాయి. తరువాత పీఎల్‌సీతో సరిపోల్చే ఆజ్ఞ ఇచ్చి చూశాము, తేడా లేదని చూపింది. నానే సమయాలు నిజంగానే రిజిస్టర్లలోనే ఉన్నాయి, వాటిని నేను నోటు పుస్తకంలో చేత్తో కూడా రాసుకున్నాను. ప్రోగ్రాములో ఏ వాల్వుకు ఏ పేరో చెప్పే వ్యాఖ్యలు మాత్రం ఒక్కటి కూడా లేవు, అన్నీ ఎక్స్‌లూ (ఇన్‌పుట్లు) వైలే (అవుట్‌పుట్లు). అవి మామూలుగా పీఎల్‌సీలో ఉండవని, మొదట రాసినవారి కంప్యూటరుతోనే పోయాయని మేనకోడలు చెప్పింది. వైరింగు నాకు తెలుసు కనుక ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదానికి తెలుగులోనే పేర్లు పెడుతున్నాము.

డి8005 రిజిస్టరులో బ్యాటరీ వోల్టేజి పది రెట్లుగా కనబడుతుందని తను చూపించింది, అక్కడ 28 అని ఉంది. అంటే 2.8 వోల్టులు. మొదట కొన్న బ్యాటరీ దగ్గర ఒక మలుపు వచ్చింది. అచ్చం అలాగే ఉంది, కనెక్టరు కూడా సరిగ్గా పడుతుంది, కాని పాతదాని పక్కన పెట్టి చూస్తే ఎరుపు, నలుపు వైర్లు తారుమారుగా ఉన్నాయి. మీరు కనెక్టరు దిశ చూడమనకపోతే నేను ఎడమ చేతిలో పట్టుకుని నేరుగా గుచ్చేసేవాడిని. వెనక్కిచ్చి వేరే చోట కొన్నాను. దానికి రెసిస్టరు పరీక్ష చేస్తే 3.3కి పడి, మెల్లగా 3.6 దగ్గరకు వచ్చింది.

మెయిన్ ఆపి, మూత తీసి, పాతది లాగి కొత్తది గుచ్చేసరికి మేనకోడలు తొమ్మిది లెక్కపెట్టింది. కరెంటు ఇచ్చాక ఎర్ర దీపం ఆరిపోయింది, డి8005లో 36 వచ్చింది, గడియారం కూడా చెక్కుచెదరలేదు. యజమాని గారు వచ్చి 'ఇంతేనా' అన్నారు.

ఒక సందేహం మిగిలింది. ఈ దీపం ఎప్పటి నుంచి వెలుగుతోందో నాకు తెలియదు, ప్యానెల్ తలుపు మూసి ఉంటే ఎవరికీ కనబడదు. వచ్చే ఏడాది కూడా మిల్లు ఆగినప్పుడు మెయిన్ ఆపుతారు. దీనికి ఏదైనా మార్గం ఉందా?

సమాధానం: రాజమహేంద్రవరం

తారుమారు వైర్ల మాట అందరూ చదవాలి, నేనూ ఇకపై పక్కపక్కన పెట్టి చూస్తాను.

మెయిన్ మొత్తం ఆపకుండా, పీఎల్‌సీ సప్లైకి మాత్రం విడిగా ఒక ఎంసీబీ (చిన్న బ్రేకరు) పెట్టి, మిగిలినవన్నీ ఆపినా దానిని వేసి ఉంచితే మీ బ్యాటరీ ఏళ్ల తరబడి కూర్చునే ఉంటుంది. పీఎల్‌సీ ఒక్కటీ తినే కరెంటు ఒక చిన్న బల్బు తినేంతే, యజమాని గారికి ఆ లెక్క చెప్పండి. అవుట్‌పుట్ల సప్లై మాత్రం తప్పకుండా ఆగి ఉండాలి, ఎవరో లేనప్పుడు ఎలివేటరు తిరగకూడదు. ఇంకో మార్గం ఎఫ్‌ఎక్స్-ఈప్రామ్ మెమరీ క్యాసెట్, పీఎల్‌సీలో గుచ్చే విడి జ్ఞాపకం. దానిలో ఉన్న ప్రోగ్రాముకు బ్యాటరీ అక్కర లేదు. అయితే రిజిస్టర్లు, గడియారం అప్పటికీ బ్యాటరీ మీదే ఉంటాయి, కనుక మీ నోటు పుస్తకం పారేయకండి. తుపాను రోజులలో స్తంభాలు పడితే మనం అనుకున్నా అనుకోకపోయినా మెయిన్ ఆగినట్టే కదా. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో చూసినవాడిని.

సమాధానం: తణుకు

దీపం గురించి. పీఎల్‌సీ లోపల ఎం8005 అనే గుర్తు బ్యాటరీ తగ్గినప్పుడు ఆన్ అవుతుంది. ఖాళీగా ఉన్న ఒక అవుట్‌పుట్‌ను దానితో నడిపి, ప్యానెల్ తలుపు మీద ఒక పసుపు దీపం పెట్టండి. ప్రోగ్రాములో ఒక్క వరుస చాలు, మీ మేనకోడలు అయిదు నిమిషాలలో రాస్తుంది. రాసే ముందు ప్రోగ్రాములో ఎక్కడైనా ఎం8030 ఉందేమో వెతకమనండి. అది ఆన్ అయితే బ్యాటరీ తగ్గినా ఎర్ర దీపం వెలగదు. మీ దీపం వెలిగింది కనుక మీ దగ్గర ఉండదు, కాని ఒక మిల్లులో ఎవరో దీపం విసిగిస్తోందని దానిని ఆన్ చేసి వెళ్లిపోవడం నేను చూశాను.

డ్రయర్ గోడ సంగతి మాత్రం వదలకండి. ప్యానెల్ జరపడం కుదరకపోతే గోడకూ ప్యానెలుకూ మధ్య ఒక జానెడు సందు ఉండేలా ఇనుప స్టాండు కట్టించండి. తవుడు దుమ్మును కంప్రెసరు గాలితో ఊదకండి, అది దుమ్మును టెర్మినళ్ల లోపలికి తోస్తుంది, పైగా ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది. మెత్తటి బ్రష్షు, వ్యాక్యూమ్ చాలు. కేబుళ్లు వచ్చే కంతలు మూసివేస్తే బల్లులు రావు.

ప్రశ్న అడిగినవారు, ఉండి దగ్గర

ఎం8030 లేదు, వెతికాము. పసుపు దీపానికి వై27 అవుట్‌పుట్ ఖాళీగా ఉంది, ఆదివారం పెడతాము. బల్లి మాట మీరు ఎలా ఊహించారో తెలియదు కాని, ఎండిపోయినది ఒకటి ట్రాన్స్‌ఫార్మరు వెనక నిజంగానే దొరికింది.

ఇంకొక సంగతి. తీసిన పాత బ్యాటరీని టేబుల్ మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి, బాయిలరు దగ్గర పని చేసే కుర్రవాడు చెత్తతో పాటు దానినీ ఎత్తుకుని ఊక పొయ్యి వైపు వెళుతున్నాడు. పరుగెత్తి ఆపాను. ఇప్పుడు దాని కనెక్టరుకు టేపు చుట్టి, కొట్టువారికి తిరిగి ఇవ్వడానికి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. పొయ్యిలో పడితే పేలుతుందని వాడికి చెబితే, ఇంత చిన్నదా అని నా వంక చూశాడు.